కాన్పు ఎవరి భారము?

తొలికాన్పు పుట్టింట జరుగవలెననునది తెలుగునాట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఏడవ నెలనో తొమ్మిదవ నెలనో తలిదండ్రులు వచ్చి కూతురిని తమ యింటికి తోడ్కొని పోవుదురు. పురుడు వచ్చిన పిదప మూడు నెలలో అయిదు నెలలో బాలింతను అక్కడనే ఉంచుకొని, పథ్యము పెట్టి, కాయము తినిపించి, తలకు సాంబ్రాణి పొగ వేసి, చీరసారెలతో బిడ్డను చంక కెత్తి అత్తవారింటికి పంపుదురు. ఈ తతంగమును మనము వేడుకగా మాత్రమే చూచుచున్నాము. నిదానించి చూచినచో ఇందు వ్రాతకెక్కని శాసన మొకటి కానవచ్చును. గర్భిణికి పనినుండి విడుదల కావలెను. ప్రసవానంతరము ఆమెకు విశ్రాంతి కావలెను. మంచి తిండి కావలెను. ఆ కాలమున అగు ఖర్చును ఎవరో యొకరు భరింపవలెను. నేడు ప్రపంచమందున్న ప్రసూతి శాసనములన్నియు ఈ నాలుగింటిని గూర్చినవే.

మన పాత ఆచారమున రెండు లోపములున్నవి. బిడ్డ తండ్రి యింటిపేరు ధరించును. పురిటి ఖర్చు మాత్రము తల్లి పుట్టింటివారిపై పడును. “పెండ్లి చేసి, పురుళ్ళు పోసి” అని ఆడపిల్లల తండ్రులు నిట్టూర్చుట మనమెరుగనిది కాదు. ఆడపిల్ల పుట్టినదనగనే కొన్ని యిండ్లలో ముఖములు చిన్నబోవుటకు గల కారణములలో ఇదియు నొకటి. ఇది మొదటి లోపము. ఈ విశ్రాంతి కలిగినవారి యిండ్లలోనే సాగుట రెండవది. కూలికి పోవు స్త్రీ పుట్టింటికి పోయినను అక్కడ ఆమె తల్లియు కూలికి పోవునదే. ఇద్దరిలో ఎవరు ఎవరికి పథ్యము పెట్టవలెను?

ప్రభుత్వము చేసిన ప్రసూతి శాసనములు ఈ రెండు లోపములను సవరించినవా, లేక వానినే క్రొత్త రూపమున నిలుపుకొన్నవా అనునది ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము.

శాసనము నడచిన దారి

ప్రసూతి కాలమున స్త్రీ కార్మికులకు పండ్రెండు వారముల విశ్రాంతి, దానితోపాటు పోషణకు చాలినంత ధనము ఈయవలెనని 1919లో వాషింగ్టన్ నగరమున జరిగిన మొదటి అంతర్జాతీయ కార్మిక మహాసభ ఒడంబడిక చేసినది. మన దేశమున 1924లో ఎన్. ఎం. జోషీ కేంద్ర శాసనసభలో ఇట్టి బిల్లును ప్రవేశపెట్టగా అది నెగ్గలేదు. 1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో ఇదే విషయము చర్చకు వచ్చినప్పుడు డాక్టరు అంబేద్కరు బిల్లును సమర్థించెను. కాన్పునకు ముందును వెనుకను తల్లికి విశ్రాంతి నిచ్చుట జాతిహితమునకు సంబంధించినది గనుక ఆ భారములో పెద్దపాలును ప్రభుత్వమే వహింపవలెనని ఆయన వాదము. ఈ మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొన ప్రార్థన. మరల దీనితో పని యున్నది. 1929లో బొంబాయి రాష్ట్రము చట్టము చేసినది. 1931లో కరాచీ కాంగ్రెసు మహాసభ ప్రాథమిక హక్కుల తీర్మానమున స్త్రీ కార్మికులకు ప్రసూతి సెలవును చేర్చినది. మద్రాసు రాజధానిలో 1934 నాటి ప్రసూతి సహాయ చట్టము వచ్చినది.

కర్నూలు, కడప మండలములు అప్పుడు మద్రాసు రాజధానిలోనివి. వాని నడుమనున్న బనగానపల్లె మాత్రము నవాబుల యేలుబడిలోని సంస్థానము. అది 1948లో గాని మద్రాసు రాష్ట్రమున విలీనము కాలేదు. మద్రాసు శాసనసభ చేసిన చట్టము తనంతట తాను సంస్థానపు పొలిమేర దాటి రాజాలదు. పొలిమేర కావలి స్త్రీకి కలిగిన హక్కు ఈవలి స్త్రీకి దానంతటది రాలేదు. అయినను ఆ చట్టము కార్ఖానాలకే పరిమితమగుటచే జొన్నచేనిలో కలుపు తీయు కూలికి అవతలను ఏమియు లేదు, ఇవతలను ఏమియు లేదు. హక్కునకు పొలిమేరలు గీచుట మన శాసనములకు పుట్టుకతో వచ్చిన గుణమని దీనివలన తెలియుచున్నది. ఆనాటి పొలిమేర ఊళ్ళ నడుమ నుండెను. నేటిది స్త్రీలు చేయు పనుల నడుమ నున్నది.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప రాజ్యాంగ సభ ఈ విషయమును విస్మరింపలేదు. ఆ సభలో కూర్చున్న స్త్రీలలో మన రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయి ఒకరు. మద్రాసున ఆంధ్ర మహిళా సభను నెలకొల్పి స్త్రీల చదువునకును వైద్యమునకును పూనుకొనిన ఆమె, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనది. రాజ్యాంగపు 15వ అధికరణములోని మూడవ ఖండము స్త్రీల కొరకును బాలల కొరకును ప్రత్యేక నియమములు చేయుటకు ప్రభుత్వమునకు వీలు కల్పించినది. 42వ అధికరణము మానవోచితములైన పని పరిస్థితులను, ప్రసూతి సహాయమును రాజ్యము సమకూర్పవలెనని ఆదేశించినది. ఆ ఆదేశమునకు రూపముగా వచ్చినదే 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము.

ఆ చట్టము పండ్రెండు వారముల వేతనము నిచ్చినది. కాన్పయిన పిమ్మట ఆరు వారములవరకు స్త్రీచేత పని చేయించుటను నిషేధించినది. సెలవులో నున్న స్త్రీని పనినుండి తొలగింపరాదన్నది. బిడ్డకు పదునైదు నెలలు వచ్చువరకు పాలిచ్చుటకు దినమునకు రెండు విరామములు ఈయవలెనన్నది. 2017లో దానిని సవరించి, పండ్రెండు వారములను ఇరువదియారు వారములు చేసిరి. ఇద్దరు బిడ్డలున్న తల్లికి పండ్రెండు వారములే ఉంచిరి. ఏబదిమంది లేక అంతకు మించి పనిచేయు చోట శిశు సంరక్షణశాల నడుపవలెనని విధించిరి. 2020లో రూపొందిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చి 1961 చట్టమును తనలో కలుపుకొన్నది. ఇరువదియారు వారముల కాలమును, అంతకు ముందటి పండ్రెండు నెలలలో ఎనుబది దినములు పనిచేసి యుండవలెనను నియమమును అందులోను నిలిచినవి.

ప్రత్యేకత వలన సమత్వము చెడునా?

చట్టము ముందు అందరును సమానులని రాజ్యాంగము చెప్పుచుండగా స్త్రీకి మాత్రమే ఒక సెలవును ఒక రక్షణను ఏర్పరచుట సమత్వమునకు విరుద్ధము కాదా? తరగతిలో విద్యార్థులు తరచు వేయు ప్రశ్న ఇది. దీనిని తేలికగా త్రోసివేయరాదు. స్త్రీవాదులే ఈ ప్రశ్నపై రెండుగా చీలిన సందర్భములున్నవి.

అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రము, జబ్బు చేసి పనికి పోలేనివారికి భత్యమిచ్చు బీమా పథకమొకటి నడిపెడిది. అందు గర్భధారణను చేర్చలేదు. ఇది స్త్రీలయెడ వివక్ష యని వ్యాజ్యము రాగా, 1974లో ఆ దేశపు సుప్రీంకోర్టు కాదని తీర్పు చెప్పినది. ఈ భేదము స్త్రీపురుషుల నడిమిది కాదట. గర్భవతులకును గర్భవతులు కానివారికిని నడిమిదట! గర్భవతులందరును స్త్రీలేయన్న సంగతి ఆ తర్కమునకు అడ్డు రాలేదు. 1978లో అక్కడి కాంగ్రెసు చట్టము చేసి ఆ లోపమును దిద్దినది. తరువాత అదే రాష్ట్రమున ఒక బ్యాంకు ఉద్యోగిని కాన్పు సెలవునుండి తిరిగి వచ్చుసరికి ఆమె స్థానమున వేరొకరుండిరి. గర్భిణులకు ఉద్యోగము నిలిపి యుంచవలెనన్న రాష్ట్ర చట్టము చెల్లునా చెల్లదా యనుటపై స్త్రీసంఘములు రెండు పక్షములైనవి. ప్రత్యేక రక్షణ యన్నది రేపు ప్రత్యేక బంధనమగునని, రోగమేదైనను అందరు ఉద్యోగులకును ఒకే తీరున సెలవు కోరవలెనని ఒక పక్షము. పురుషునకు లేని కార్యము స్త్రీకి ఉండగా, ఆ కార్యమునకు తగిన ఏర్పాటు లేనిదే సమత్వము మాటలకే మిగులునని రెండవ పక్షము. 1987లో కోర్టు ఆ చట్టము చెల్లునన్నది.

మొదటి పక్షమువారి భయము నిరాధారము కాదు. మన దేశ చరిత్రలోనే దానికి సాక్ష్యమున్నది. గనుల భూగర్భమున పనిచేయు స్త్రీలను క్రమముగా తొలగించుటకు 1929లో ప్రభుత్వము నిబంధనలు చేసినది. రక్షణకొరకే యనిరి. రక్షణ లభించినమాట నిజమే. దానితోపాటు కూలియు పోయినది. రెండవ ప్రపంచయుద్ధమున బొగ్గు చాలక 1943లో ఆ నిషేధమును ఎత్తివేసిరి. యుద్ధము ముగిసి 1946 రాగానే మరల విధించిరి. స్త్రీ శరీరము ఆ మూడేండ్లు గట్టిపడి పిమ్మట మరల సుకుమారమైనదని ఎవరు నమ్ముదురు? 2019లో గాని భూగర్భపు పనికి స్త్రీలను, నియమములకు లోబడి, మరల అనుమతింపలేదు.

కావున రక్షణ యను పేర వచ్చినదెల్ల మేలు కాదు. స్త్రీని పనినుండి తప్పించు రక్షణ వేరు. స్త్రీ పనిలో నిలుచుటకు తోడ్పడు రక్షణ వేరు. ప్రసూతి శాసనము రెండవ తెగకు చెందినది. కార్యాలయములందలి పనివేళలు, సెలవుల పట్టిక, పదోన్నతి నియమములు చూడుడు. గర్భము ధరింపని శరీరమును, ఇంట వండి పెట్టువారు ఉన్న మనిషిని కొలబద్దగా పెట్టుకొని వానిని ఏర్పరచిరి. ఆ కొలతకు సరిపోని స్త్రీకి ఏదైనను ఇచ్చినపుడు దానిని ప్రత్యేక సౌకర్య మందుము. అసలు ఆ కొలబద్ద పురుషునికొరకు తయారైనదన్న సంగతిని స్త్రీవాదము ఎత్తి చూపినది. 1979లో ఐక్యరాజ్యసమితి ఆమోదించి, 1993లో భారతదేశము అంగీకరించిన స్త్రీ వివక్షా నిర్మూలన ఒడంబడికయు, మాతృత్వ రక్షణకై చేయు ఏర్పాట్లను వివక్షగా ఎంచరాదని నాలుగవ అధికరణమున స్పష్టపరచినది.

చూలాలిని వెడలగొట్టరాదన్న నియమము మన సాహిత్య విద్యార్థులకు విశేషముగా బోధపడవలసినది. తిక్కన నిర్వచనోత్తర రామాయణమును, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణమును చదివి సీతకై కన్నీరు విడువని తెలుగువాడు లేడు. నిండు చూలాలైన యిల్లాలిని, ఆమె తప్పేమియు లేకయే, లోకుల మాట విని అడవికి పంపిన కథ అది. ఇరువదవ శతాబ్దమున మన ప్రభుత్వ విమానసంస్థ నియమములలో, విమానమున పరిచర్య చేయు యువతి తొలిసారి గర్భవతియైనంతనే ఉద్యోగము పోవునని వ్రాసి యుండెను. 1981లో సుప్రీంకోర్టు ఆ నియమమును కొట్టివేసి, అది భారత స్త్రీత్వమునకే అవమానమన్నది. అయితే అదే తీర్పులో, ఉద్యోగమున చేరిన నాలుగేండ్లలోపల పెండ్లి చేసుకొనరాదన్న నియమమును నిలిపియుంచినది. సమత్వము అంగుళ మంగుళముగానే వచ్చినదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

సెలవన్న మాటలోని రెండర్థములు

తెలుగున ‘సెలవు’ అను మాటకు అనుజ్ఞ యన్న అర్థమును, వ్యయమన్న అర్థమును ఉన్నవి. ప్రసూతి సెలవు చర్చలో అనుజ్ఞను గూర్చి చాల మాటలాడితిమి. వ్యయమును గూర్చి మాటలాడినది తక్కువ. ఇక్కడనే అంబేద్కరు 1928లో చెప్పిన మాటతో పని పడినది.

1961 చట్టము కాన్పు కాలపు వేతనమంతయు ఆ స్త్రీని పనిలో పెట్టుకొన్న యజమానియే ఈయవలెనన్నది. 2017 సవరణ కాలమును రెండింతలకు పైగా పెంచినది గాని భారమును పంచలేదు. దీని ఫలితమేమి? స్త్రీని పనిలో పెట్టుకొన్న యజమానికి ఇరువదియారు వారముల ఖర్చు. పెట్టుకొనని యజమానికి దమ్మిడీ ఖర్చు లేదు. పెండ్లి యెప్పుడని, పిల్లలెందరని యువతులను ఉద్యోగపు ముఖాముఖిలో అడుగుట ఎందువలన వచ్చినదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆడపిల్లను కన్నవాడు పురిటి ఖర్చు మోసిన పాత ఆచారమునకును, ఆడుదానికి పని యిచ్చినవాడు సెలవు ఖర్చు మోయు ఈ చట్టమునకును పోలిక స్పష్టమే. రెండింటను భారము స్త్రీని దగ్గరకు తీసినవానిమీదనే పడినది. కనుకనే ఆమెను దగ్గరకు తీయుటకు లోకము జంకుచున్నది.

వేరొక మార్గము మన దేశముననే ఉన్నది. 1948 నాటి ఉద్యోగుల రాజ్యబీమా చట్టముతో ఏర్పడిన పథకము క్రింద యజమానులును ఉద్యోగులును చెల్లించు సొమ్ము ఒక నిధిలో చేరును. ప్రసూతి భత్యము ఆ నిధినుండి వచ్చును. పురుషులే పనిచేయు ఫ్యాక్టరీ యజమానియు ఆ నిధికి తన వంతు చెల్లింపవలసినదే. అందుచే స్త్రీని పనిలోనికి తీసికొనకుండుట వలన అతనికి లాభము లేదు. ఈ పద్ధతిని అందరు స్త్రీలకును విస్తరించి, ప్రభుత్వము తన వాటాను చేర్చినచో, అంబేద్కరు కోరినది చాలవరకు నెరవేరును.

భారములో తండ్రి వంతు మాటయు కలదు. కనుట స్త్రీకి మాత్రమే సాధ్యము. పెంచుట ఇద్దరికిని సాధ్యమే. స్వీడన్ దేశము 1974లోనే తల్లి సెలవు స్థానమున తలిదండ్రులిద్దరును పంచుకొను సెలవును ప్రవేశపెట్టినది. మన కేంద్ర ప్రభుత్వోద్యోగులకు పదునైదు దినముల పితృత్వ సెలవున్నది గాని, కార్మిక శాసనమున తండ్రికి ఒక్కదినమైనను లేదు. ఇరువదియారు వారములు తల్లికే యిచ్చి, తండ్రికి సున్న చుట్టిన చట్టము తల్లికి మేలు చేయుచునే బిడ్డ పెంపకము ఆమె పని యని తీర్మానించుచున్నది. స్త్రీవాదులు ఈ చట్టమును స్వాగతించుచునే విమర్శించుటకు కారణమిదియే.

సెలవులను జనాభా లెక్కలతో ముడిపెట్టుట మరియొక చిక్కు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగినులకు నూట ఎనుబది దినముల ప్రసూతి సెలవు ఇద్దరు బిడ్డలవరకే యని చాలకాలము నియమముండెను. జననములు తగ్గుచున్నవన్న చింత వచ్చిన పిదప 2025లో ఆ పరిమితిని తొలగించిరి. తొలగించుట మంచిదే. కాని జనాభా పెరిగినపుడు కోసిపెట్టి, తరిగినపుడు పెంచి యిచ్చునది హక్కు కాదు, ఎర. తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలో పనిచేయు ఒక ఉపాధ్యాయినికి, అంతకుముందే ఇద్దరు బిడ్డలున్నారన్న కారణమున సెలవు నిరాకరించిరి. 2025 మేలో సుప్రీంకోర్టు ఆమె పక్షమున తీర్పు చెప్పుచు, ప్రసూతి సెలవు స్త్రీ సంతాన హక్కులలో భాగమని, జనాభా నియంత్రణ లక్ష్యముతో దానికి వైరుధ్యము లేదని వివరించినది. ఉపాధ్యాయలోకము ఈ తీర్పును తెలిసికొని యుండుట అవసరము.

బండల గనిలో బాలింత

ఇంతవరకు చెప్పినదెల్ల జీతపు పట్టీలో పేరున్న స్త్రీలను గూర్చి. బనగానపల్లెనుండి కొలిమిగుండ్లకు, బేతంచెర్లకు పోవు దారులలో ఇరుప్రక్కల నాపరాతి గనులును, బండలు కోసి నునుపు చేయు ఫ్యాక్టరీలును కానవచ్చును. తెలుగుదేశమున ఎన్నో యిండ్ల నేలకు పరచిన బండలు ఈ సీమనుండి పోయినవే. అచ్చట తలపై రాతిముక్కలు మోయు స్త్రీలను ఆ దారిన పోవువారెల్లరు చూచియుందురు. వారిలో ఎందరికి ఈ క్రింది సంగతి తెలియును? చట్టపు నిర్వచనము ప్రకారము రాతిగనియు గనియే. పదిమంది పనివారు ఉండవలెనన్న నియమము దుకాణముల వంటివానికే గాని గనికి లేదు. ఎనుబది దినములు పనిచేసిన స్త్రీ అది యెంత చిన్న గనియైనను ప్రసూతి వేతనమునకు అర్హురాలు.

“దేవుడు వరమిచ్చినా పూజారి వరమీయడు” అన్న సామెత ఇక్కడ సరిగా అతుకును. ఎనుబది దినములు పనిచేసినట్లు ఋజువేది? మేస్త్రీ ద్వారా పనికి వచ్చి, బండ్ల లెక్కనో అడుగుల లెక్కనో మగనితో కలిపి కూలి తీసికొను స్త్రీకి హాజరుపట్టీలో పేరుండుట అరుదు. చట్టము పుస్తకమున ఉన్నది. ఆమె పేరు ఏ పుస్తకమునను లేదు. ఈ రెంటి నడిమి దూరమే నేటి పొలిమేర.

దినకూలీలకు ఈ చట్టము వర్తింపదను వాదమును సుప్రీంకోర్టు 2000 మార్చి 8న త్రోసిపుచ్చినది. ఢిల్లీ నగరపాలక సంస్థలో రోడ్ల పనికై కందకములు త్రవ్వుచు, రాళ్ళు మోయుచు ఏండ్లతరబడి దినకూలీలుగా ఉన్న స్త్రీల వ్యాజ్యమది. శాశ్వతోద్యోగినులకే ప్రసూతి సహాయమని చట్టమున ఎక్కడను లేదని, గర్భముతో కఠినమైన పనిచేయు ఈ స్త్రీలకే అది మరింత అవసరమని కోర్టు భావము. రాళ్ళు మోయు ఢిల్లీ స్త్రీకి వర్తించిన న్యాయము రాళ్ళు మోయు మన సీమ స్త్రీకి ఏల వర్తింపరాదు? అక్కడ వారికి సంఘముండెను, హాజరు ఋజువుండెను. తేడా అంతయే.

చేలలో పనిచేయు స్త్రీకి ఆ మాత్రపు చట్టమును లేదు. నేడు ఈ ఊరి చేనునకు, రేపు ఆ ఊరి చేనునకు పోవు ఆమెకు యజమాని ఎవరు? అనంతపురము జిల్లా బండ్లపల్లెలో 2006 ఫిబ్రవరి 2న ప్రారంభమైన గ్రామీణ ఉపాధి హామీని రాయలసీమ జనులు ‘కరువు పని’ యని పిలిచిరి. అందు స్త్రీపురుషులకు ఒకే కూలి. తల్లులతో వచ్చిన ఆరేండ్లలోపు పిల్లలు అయిదుగురున్నచో, వారిని చూచుటకు ఒక స్త్రీని నియమించి ఆమెకును కూలి యీయవలెనని నియమము. బిడ్డలను చూచుట పనియేయని, దానికి వెల కలదని ఒప్పుకొన్న శాసనముగా అది గణనీయము. కాని కాన్పు కాలపు కూలి అందును లేదు. 2025 చివర పార్లమెంటు ఆ చట్టము స్థానమున వేరొకటి చేసినది.

ఇట్టి తల్లులకొరకు 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ఆరువేల రూపాయలకు తక్కువ కాని సహాయమును ప్రతి తల్లికిని వాగ్దానము చేసినది. 2017లో ఆరంభమైన ప్రధానమంత్రి మాతృ వందన యోజన తొలి బిడ్డకు 5,000 రూపాయలు మాత్రమే ఇచ్చినది. 2022నుండి రెండవ బిడ్డ ఆడపిల్లయైనచో 6,000 ఈయ నిర్ణయించిరి. విద్యార్థులు చిన్న లెక్క చేయవచ్చును. ఉద్యోగినికి చట్టమిచ్చిన ఇరువదియారు వారములు 182 దినములు. 5,000 రూపాయలను ఆ దినములపై పంచినచో దినమునకు ఇరువదియేడు రూపాయలు వచ్చును. ఆ సొమ్ముతో ఏ బాలింత కూలి మాని యింట కూర్చుండగలదు? పొరుగున తమిళనాడు 1987లోనే డాక్టరు ముత్తులక్ష్మి పేర ప్రసూతి సహాయము నారంభించి, పిదప దానిని 18,000 రూపాయలకు పెంచినది. మనసుండిన మార్గముండునని దానివలన తెలియును.

ఒక్క విషయమున మనము ముందడుగు వేసితిమి. 2018–20 నాటి లెక్కలలో లక్ష సజీవ జననములకు దేశమున 97 మంది తల్లులు మరణింపగా, ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45. కాన్పు పునర్జన్మ యన్న పెద్దల మాట నేడు కొంత సడలినది. ఆసుపత్రులు తల్లి ప్రాణమును కాపాడినవి. ఆమెకు విశ్రాంతి నిచ్చుట ఆసుపత్రి పని కాదు. అది శాసనము పని.

రచయిత్రులు చెప్పిన మాట

మన ప్రాచీన కావ్యములు మాతృమూర్తిని కొనియాడినవి. దౌహృదమును, నెలలు నిండిన కాంతిని వర్ణించిన పద్యములు కోకొల్లలు. ప్రసవవేదనను మాత్రము రెండు మాటలలో దాటవేసి, పుత్రోదయ మహోత్సవమునకు పోయిరి. నొప్పిపడినది ఎవరో వ్రాసినది వేరెవరో యగుటయే దీనికి కారణము. 1980 తరువాత తెలుగు కవయిత్రులు ఈ మౌనమును వదలించిరి. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ వంటి కవితలు, 1993లో వెలువడిన ‘నీలిమేఘాలు’ సంకలనము, ఓల్గా రచనలు స్త్రీ శరీరానుభవమును ఆమె కంఠముతోనే వినిపించినవి. అవి వచ్చినప్పుడు సాహిత్యమున ఇవి యేల యని ఈసడించిన పండితులు లేకపోలేదు. కాని ప్రసవము శ్రమ యని సాహిత్యము ఒప్పుకొననంతకాలము అది శ్రమ యని శాసనము ఒప్పుకొనుట కష్టము. ప్రసూతి సెలవులో నున్న ఉద్యోగినిని “ఊరక జీతము తీసికొనుచున్నది” అని ప్రక్కబల్లవారు గొణుగుట నేటికిని వినవచ్చుచున్నది. ఆ గొణుగుడును మాన్పుటకు చట్టముకంటె కవితయే ఎక్కువ ఉపకరించును.

పాఠశాల వంతు

ఉపాధ్యాయులు ఈ విషయమున చేయదగినవి కొన్ని గలవు. ప్రైవేటు పాఠశాలలనేకములలో నియామకము ఒక విద్యాసంవత్సరమునకే యుండును. గర్భవతియైన ఉపాధ్యాయిని మానివేసి, బిడ్డకు ఏడాది నిండిన పిదప తిరిగి క్రొత్తగా, తక్కువ జీతమునకు చేరుచున్నది. దీనిని ఆమెయు సహోద్యోగులును సహజమనుకొనుచున్నారు. ఒప్పందపు గడువు ముగిసినను, అర్హత కలిగిన స్త్రీకి ప్రసూతి ప్రయోజనము పూర్తిగా ఈయవలసినదేయని 2023లో సుప్రీంకోర్టు ఒక ఒప్పంద వైద్యురాలి వ్యాజ్యమున తీర్పు చెప్పియున్నది. ఈ సంగతి ఉపాధ్యాయుల విశ్రాంతి గదిలో ఒక్కసారియైనను చర్చకు రావలెను. కాన్పునకు పోవు సహోద్యోగిని తరగతులను తాము పంచుకొనుట ఆమెకు చేయు ఉపకారమని గాక, సంఘమునకు చెల్లించు వంతని పురుషోపాధ్యాయులు భావింపవలెను.

మన తరగతులలో కూర్చున్న పిల్లలలో బండల గనికి, చేనికి పోవు తల్లుల బిడ్డలు పెక్కురు. తమ్ముడో చెల్లెలో పుట్టినప్పుడు బడి మాని యింట నుండిపోవునది చాలచోట్ల పెద్దకూతురే. తల్లికి దక్కని ప్రసూతి సెలవును ఆ పదేండ్ల బాలిక తన చదువుతో చెల్లించుచున్నదన్నమాట. హాజరుపట్టీలో వరుసగా గైర్హాజరు కనిపించినపుడు ఉపాధ్యాయుడు దాని వెనుకనున్న ఈ కారణమును గూడ విచారింపవలెను. ఆ తల్లి ఏ గనిలో, ఏ మేస్త్రీ క్రింద, ఎన్ని దినములు పనిచేసినదో వ్రాసియుంచుకొనుటకు చదువు వచ్చిన ఆమె బిడ్డయే సాయపడగలడు. పదవతరగతి విద్యార్థికి ఇది అసాధ్యమైన పని కాదు. ఇరువది పుటల నోటుపుస్తకములో తేదీ, పని, కూలి వేసి దినదినము వ్రాసిన లెక్క ఒకనాడు కార్మిక అధికారి ముందు ఋజువు కాగలదు.

భారతీయ స్త్రీల స్థితిగతులపై 1974లో వెలువడిన ‘సమానత్వము వైపు’ అను నివేదిక, రాజ్యాంగమిచ్చిన హక్కులు అధికసంఖ్యాక స్త్రీలకు అందలేదని దేశమునకు తెలిపినది. స్వయం ఉపాధి స్త్రీలను గూర్చి ఇలా భట్ అధ్యక్షతన 1988లో వచ్చిన ‘శ్రమశక్తి’ నివేదికయు, లెక్కకు రాని స్త్రీల శ్రమను వెలుగులోనికి తెచ్చినది. ఆ నివేదికలు వచ్చి దశాబ్దములు గడచినవి. నేడు కావలసినది కాన్పు సహాయము ఉద్యోగమునకు గాక తల్లికి చెందవలెనన్న సూత్రమును శాసనమున నిలుపుట. గనిలో నున్నను, చేనిలో నున్నను, బడిలో నున్నను, ఇంటనే యున్నను ఆమెకు చాలినంత కాలము చాలినంత వేతనము అందరును కూర్చిన నిధినుండి రావలెను. ఆ నిధికి ఆడపిల్ల తండ్రితోపాటు మగపిల్లవాని తండ్రియు, స్త్రీలకు పని యిచ్చు యజమానితోపాటు ఈయని యజమానియు చెల్లింపవలెను. తరగతిలో ఈ విషయము చెప్పునపుడు బాలికలకు వేరుగా గాక, బాలురను గూడ కూర్చుండబెట్టి చెప్పుట మంచిది. రేపటి తండ్రులు, రేపటి యజమానులు వారిలోనుండియే వత్తురు గదా!